కత్తెర ఎక్కడ పడింది? చూడదగ్గ క్రైమ్ డాక్యుమెంటరీలు, చూడాల్సిన తీరు

పెట్టెకు అంటించిన టేపు అప్పటికే తెగి ఉంది. డిఫెన్స్ లాయరు మూత తీసి, లోపలున్న చిన్న గాజు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. అందులో ఉన్నది నిందితుడి రక్తం, ఎన్నో ఏళ్ల కిందట వేరే కేసు కోసం తీసి భద్రపరిచినది. గొట్టం మూతికి బిగించిన ఊదారంగు రబ్బరు బిరడా నడుమ సూదిమొన పట్టేంత రంధ్రం. లాయరు ఉత్సాహం పట్టలేక అప్పటికప్పుడు ఫోన్ కలుపుతాడు. 2015 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మేకింగ్ ఎ మర్డరర్' చూసిన వాళ్లలో ఈ దృశ్యం మరిచిపోయిన వాళ్లు తక్కువ. పోలీసులే ఆ రక్తాన్ని సూదితో లాగి హతురాలి కారులో పూశారన్న అనుమానం చాలామందిలో గట్టిపడింది ఇక్కడే.

రక్తపరీక్ష చేయించుకున్న అనుభవం ఉన్నవాళ్లు కాస్త ఆగి ఆలోచిస్తే చాలు. ఆ గొట్టాల్లోంచి గాలి ముందే తీసేసి ఉంచుతారు. సూది బిరడాను గుచ్చుకుని దూరితేనే రక్తం లోపలికి చేరుతుంది. అంటే రంధ్రం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఈ చిన్న సంగతి చెప్పడానికి పది ఎపిసోడ్ల సిరీస్‌కు తీరిక దొరకలేదు. చెబితే ఆ సన్నివేశం అక్కడికక్కడే చల్లబడిపోతుంది మరి. 2018లో వచ్చిన రెండో భాగంలో నిందితుడి కొత్త లాయరే ఆ గొట్టం వాదనను పక్కనపెట్టి, రక్తం ఇంకోచోటి నుంచి వచ్చిందంటూ మరో దారి పట్టింది.

అయినా ఈ సిరీస్ చూడాల్సిందే. ఈ రకం డాక్యుమెంటరీల్లో ఉన్న బలమూ, వాటితో వచ్చే మోసమూ పక్కపక్కనే కనబడేది ఇందులోనే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టీవెన్ ఏవరీ అనే మనిషి, తాను చేయని నేరానికి 18 ఏళ్లు జైల్లో గడిపి, 2003లో డీఎన్‌ఏ పరీక్ష పుణ్యమా అని బయటపడ్డాడు. తనను అన్యాయంగా లోపల వేసినందుకు 3.6 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే, 2005లో ఓ యువ ఫొటోగ్రాఫర్ హత్య కేసులో మళ్లీ అరెస్టయ్యాడు. మొదటిసారి తప్పు చేసిన వ్యవస్థ రెండోసారి కూడా తప్పు చేసిందా? ప్రశ్న బలమైనదే. కానీ సిరీస్ ఆ ప్రశ్నను మన ముందు పెట్టి ఊరుకోదు, జవాబు వైపు భుజం పట్టుకుని నడిపిస్తుంది. తన వాదనలోని కీలక సాక్ష్యాలు కొన్నింటిని వదిలేశారని ప్రాసిక్యూటర్ తర్వాత గోలపెట్టాడు. ఈలోగా క్షమాభిక్ష పెట్టమని లక్షమందికి పైగా సంతకాలతో శ్వేతసౌధానికి పిటిషన్ వెళ్లింది. రాష్ట్ర కోర్టు వేసిన శిక్షను దేశాధ్యక్షుడు రద్దు చేయలేడని అక్కడి నుంచి జవాబొచ్చింది. ఆ సంతకాలు పెట్టినవాళ్లలో కేసు ఫైలు చదివినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇందులో నిజంగా కళ్లు తిప్పుకోలేని భాగం ఏవరీది కాదు, అతడి మేనల్లుడు బ్రెండన్ డాసీది. వయసు పదహారు, చదువులో వెనకబడిన కుర్రాడు. ఇద్దరు పోలీసు అధికారులు మెత్తటి గొంతుతో, అనునయిస్తూ ప్రశ్నలడుగుతుంటారు. హతురాలి తలకు ఏం చేశారో చెప్పమంటారు. కుర్రాడు ఒకటి చెబుతాడు, అది కాదంటారు. ఇంకోటి చెబుతాడు, ఇంకా ఉందంటారు. పరీక్షలో జవాబు తెలియని పిల్లాడు టీచరు మొహం చూసి ఊహించినట్టు ఒక్కోటీ వెతుక్కుంటుంటాడు. చివరికి విసిగిన అధికారే, తల మీద కాల్చిందెవరని అడిగేస్తాడు. అప్పుడు కుర్రాడు మామయ్య పేరు చెబుతాడు. హత్యలో పాలుపంచుకున్నానని ఒప్పుకున్నాక అతడికి పట్టుకున్న బెంగల్లా, మధ్యాహ్నం ఒంటిగంటన్నర లోపు బడికి వెళ్లగలనా అనే. ప్రాజెక్టు అప్పజెప్పాలట. ఇక్కడ నేపథ్య సంగీతం అక్కర్లేదు, వ్యాఖ్యానం అక్కర్లేదు. పోలీసుల కెమెరా తీసిన వీడియోను తీసింది తీసినట్టు చూపిస్తే చాలు. ఈ వాంగ్మూలం చెల్లదని 2016లో ఫెడరల్ మేజిస్ట్రేట్ అతడి శిక్షను కొట్టేశాడు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు 4-3 తేడాతో దాన్ని తిరిగి నిలబెట్టింది. ఏడుగురు జడ్జీలు చూసి కూడా ఏకాభిప్రాయానికి రాలేకపోయిన వీడియో అది.

ఈ డాక్యుమెంటరీలు చూసేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: చేసిందెవరు? దానికి పక్కన ఇంకో ప్రశ్న పెట్టుకుంటే చూసే అనుభవమే మారిపోతుంది: కత్తెర ఎక్కడ పడింది? నెలల తరబడి సాగిన విచారణ, వందల గంటల ఫుటేజీ పది గంటలకు కుదించారంటే ఎవరో ఒకరు కూర్చుని కోశారు. కోయడం తప్పేమీ కాదు, కోయకుండా సినిమా ఉండదు. కోసింది సౌకర్యం కోసమా, ఉత్కంఠ కోసమా, ఇంకెవరి కోసమైనా అన్నదే తేలాలి.

హెచ్‌బీఓలో 2015లో వచ్చిన 'ది జింక్స్' ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. ఆరు ఎపిసోడ్లు, దర్శకుడు ఆండ్రూ జారెకి. న్యూయార్క్ రియల్ ఎస్టేట్ కుబేరుల వారసుడు రాబర్ట్ డర్స్ట్ చుట్టూ మూడు ఘటనలున్నాయి. 1982లో భార్య కనబడకుండా పోయింది. 2000లో అతడి స్నేహితురాలు సుజాన్ బెర్మన్ లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో హత్యకు గురైంది. 2001లో టెక్సస్‌లో పొరుగింటి వృద్ధుడు చనిపోయాడు. శవాన్ని ముక్కలు చేసి పారేశానని ఆ కేసులో ఒప్పుకుని కూడా, ఆత్మరక్షణ కోసమే జరిగిందని చెప్పి డర్స్ట్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఇంత జరిగాక నోరు మూసుకుని ఉంటే ఎవరూ ఏమీ చేయలేకపోయేవారేమో. తన జీవితం ఆధారంగా జారెకి తీసిన సినిమా చూసి, తానే ఫోన్ చేసి ఇంటర్వ్యూ ఇస్తానన్నాడు.

సిరీస్ ప్రాణమంతా ఒక స్పెల్లింగ్ తప్పులో ఉంది. బెర్మన్ హత్యప్పుడు, ఫలానా చిరునామాలో శవం ఉందంటూ బెవర్లీ హిల్స్ పోలీసులకు ఒక ఉత్తరం అందింది. కవరు మీద 'బెవర్లీ' అన్న పేరులో ఒక 'ఇ' అక్షరం ఎక్కువ పడింది. అంతకుముందు ఏడాది డర్స్ట్ బెర్మన్‌కు స్వయంగా రాసిన ఉత్తరం కవరు ఒకటి చిత్రబృందానికి దొరికింది. దాని మీదా అదే చేతిరాత, అదే అదనపు 'ఇ'. జారెకి రెండింటినీ పక్కపక్కన పెట్టి డర్స్ట్ ముందుంచుతాడు. వీటిలో మీరు రాయనిది ఏదో చూపించమంటాడు. డర్స్ట్ చూపించలేకపోతాడు. త్రేన్పులు వస్తాయి. ఇంటర్వ్యూ ముగిసి బాత్రూంలోకి వెళ్తాడు, చొక్కాకు పెట్టిన మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. లోపల తనలో తాను గొణుక్కుంటున్న మాటలు వినిపిస్తాయి. 'ఇంతకీ నేనేం చేశాను? అందర్నీ చంపేశాను, ఇంకేముంది.' తెర నల్లబడుతుంది, సిరీస్ అయిపోతుంది. ఆ చివరి ఎపిసోడ్ ప్రసారానికి ఒక రోజు ముందే అతడు న్యూ ఓర్లియన్స్‌లో అరెస్టయ్యాడు.

తర్వాత ఆ ఆడియో పూర్తి పాఠం కోర్టుకెక్కాక తేలిందేమిటంటే, ఆ రెండు వాక్యాలూ అలా పక్కపక్కన లేవు. చంపేశానన్న మాట ముందు వచ్చింది. ఆ తర్వాత వేరే గొణుగుడు చాలా నడిచింది, త్రేన్పుల గురించి కూడా ఏదో అనుకున్నాడు. 'ఏం చేశాను' అన్నది చివర్లో ఎక్కడో ఉంది. ఎడిటింగ్ టేబుల్ మీద ప్రశ్నను ముందుకు, జవాబును వెనక్కు మార్చి అతికించారు. నిజానికి అతడు గొణిగినవి తెగిన ముక్కలు, తెర మీద మనం విన్నది నేరాంగీకారం. 2021లో జ్యూరీ డర్స్ట్‌ను బెర్మన్ హత్యలో దోషిగానే తేల్చింది, 2022 జనవరిలో అతడు ఖైదీగానే చనిపోయాడు. దోషి దొరికాడుగా, రెండు వాక్యాలు అటూ ఇటూ మారిస్తే కొంపలేం మునిగాయి అనేవాళ్లుంటారు. ఇదే కత్తెర రేపు నిర్దోషి గొంతు మీద పడితే పోల్చుకునే దారి ప్రేక్షకుడికి లేదు. ఆ రెండు కవర్లు ఎలాగూ ఉన్నాయి, బాత్రూం మాటలు ఉన్నవి ఉన్నట్టు వినిపించినా సిరీస్ బలం తగ్గేది కాదు. అతుకు వేసింది కేసు కోసం కాదు, ముగింపు కోసం.

జారెకి తీసిన మొదటి డాక్యుమెంటరీ 'క్యాప్చరింగ్ ద ఫ్రీడ్‌మన్స్' (2003) ఇంతకంటే మెరుగైన పని. న్యూయార్క్‌లో పిల్లల పుట్టినరోజు వేడుకల్లో ఆడిపాడే జోకర్ల మీద సరదా చిత్రం తీద్దామని బయల్దేరితే, వాళ్లలో ఒకడి ఇంట్లో ఇనప్పెట్టెలా మూసి ఉంచిన కథ బయటపడింది. అతడి తండ్రి, తమ్ముడు పిల్లలపై లైంగిక నేరాల కేసులో జైలుకెళ్లిన వాళ్లు. కుటుంబం ముక్కలవుతున్న రోజుల్లో ఇంట్లో వాళ్లే తీసుకున్న వీడియోలు ఇందులో ఉన్నాయి. భోజనాల బల్ల దగ్గర జరిగిన ఆ గొడవలు చూస్తుంటే ఎవరి ఇంట్లోకో దొంగచాటుగా తొంగిచూస్తున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. సినిమా తీర్పు చెప్పదు. ఎవరి మాట నమ్మాలో తేలక ప్రేక్షకుడు నలిగిపోతాడు. మనసు గట్టిగా ఉన్న రోజున చూడాల్సిన సినిమా.

ఎవరు తలుపు తీస్తే కెమెరా వాళ్లింట్లోనే కూర్చుంటుంది. ఫ్రెంచి దర్శకుడు జాన్ జావియే ద లెస్త్రాద్ తీసిన 'ది స్టెయిర్‌కేస్' (2004) చూస్తున్నంతసేపూ ఇది గుర్తుపెట్టుకోవాలి. 2001 డిసెంబరులో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో రచయిత మైఖేల్ పీటర్సన్ భార్య మెట్ల కింద నెత్తుటి మడుగులో చనిపోయి కనిపించింది. పడిందా, పడగొట్టారా? డిఫెన్స్ బృందం వ్యూహాలు పన్నుకునే గదిలోనే కెమెరా నెలల తరబడి తిష్ఠవేసింది. అందుకే డబ్బున్న నిందితుడి కేసు లోపలి నుంచి ఎలా తయారవుతుందో, ఏ నిపుణుణ్ని ఎందుకు తెచ్చుకుంటారో, జ్యూరీ ముందు ఏ మాట ఎలా పలకాలో రిహార్సల్ వేయడం ఎలా ఉంటుందో ఇంత వివరంగా ఇంకెక్కడా దొరకదు. అందుకే పీటర్సన్ మనకు పక్కింటి మనిషిలా దగ్గరవుతాడు కూడా. చనిపోయిన భార్య మాత్రం ఫొటోల్లోనే మిగిలిపోతుంది. ఎడిటర్లలో ఒకరికి పీటర్సన్‌తో ఏళ్లపాటు ప్రేమబంధం నడిచిందని తర్వాత బయటపడింది. దాని ప్రభావం ఎడిటింగ్ మీద పడలేదని దర్శకుడంటాడు. ఆయన మాట నమ్మినా నమ్మకపోయినా, ఆ సంగతి తెలిసి చూడటం వేరు, తెలియక చూడటం వేరు. ఇక పీటర్సన్‌ను దోషిగా తేల్చిన విచారణలో ప్రాసిక్యూషన్ తరఫు రక్తపు మరకల విశ్లేషకుడు జ్యూరీని తప్పుదారి పట్టించాడని 2011లో జడ్జి తేల్చి కొత్త విచారణకు ఆదేశించాడు. ఆ విశ్లేషకుడి ప్రయోగాల వీడియోలు సిరీస్‌లోనే ఉన్నాయి. మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే భయమేస్తుంది.

2017లో పీటర్సన్ ఆల్ఫర్డ్ ప్లీతో బయటపడ్డాడు. అమెరికా కేసుల్లో తరచూ వినిపించే ఈ మాట అర్థమైతే సగం డాక్యుమెంటరీల చివరి ఎపిసోడ్లు అర్థమవుతాయి. 1970లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆమోదించిన ఏర్పాటు ఇది. 'నేను నిర్దోషినే, కానీ నాకు శిక్ష వేయించేంత సాక్ష్యం మీ దగ్గరుందని ఒప్పుకుంటున్నాను' అని నిందితుడు అంటాడు. కోర్టు దోషిగా నమోదు చేసుకుంటుంది. నిందితుడు ఇంటికెళ్తాడు, ప్రభుత్వం నష్టపరిహారం దావా బెడద తప్పించుకుంటుంది, నిజం సంగతి ఎవరికీ పట్టదు.

ఇదే దారిలో 2011 ఆగస్టులో ముగ్గురు యువకులు ఆర్కన్సా రాష్ట్రంలో జైలు నుంచి బయటికొచ్చారు. అప్పటికి 18 ఏళ్లు గడిచాయి, వాళ్లలో ఒకడు మరణశిక్ష పడిన ఖైదీ. 1993లో వెస్ట్ మెంఫిస్‌లో ముగ్గురు ఎనిమిదేళ్ల పిల్లలు హత్యకు గురైనప్పుడు, నల్ల చొక్కాలు వేసుకుని హెవీ మెటల్ పాటలు వినే ఈ కుర్రాళ్ల మీద సైతాను పూజల ముద్ర పడింది. 'ప్యారడైజ్ లాస్ట్' (1996) తీసిన జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీ అక్కడికి వెళ్లింది దారితప్పిన పిల్లల కథ తీద్దామని. కోర్టులో కూర్చున్నాక వాళ్లకే అనుమానం మొదలైంది. ఊరంతా కట్టగట్టుకుని ఒక కథను నమ్మడం ఈ సినిమాలో కళ్ల ముందే జరుగుతుంది. మూడు భాగాల్లోకి మొదటిదే గొప్పది. రెండో భాగం (2000) చేసిన పాపం ఒకటుంది. పిల్లలను పోగొట్టుకున్న వాళ్లలో ఒక సవతి తండ్రి వైపు అది వేలు చూపించింది. మనిషి పొడుగరి, కెమెరా ముందు ఊగిపోతూ మాట్లాడతాడు, చూడగానే అనుమానం వచ్చేలా ఉంటాడు. నల్ల చొక్కా చూసి హంతకుడని తేల్చిన ఊరికీ, ఆవేశం చూసి అనుమానించిన సినిమాకూ తేడా ఏమిటి? ఆ తండ్రే తర్వాత మనసు మార్చుకుని, ఆ ముగ్గురూ నిర్దోషులని వాదించాడు.

ఇంత పని చేసిన బెర్లింజరే 2021లో సెసిల్ హోటల్ మీద నాలుగు ఎపిసోడ్ల సిరీస్ తీశాడంటే నమ్మబుద్ధి కాదు. లాస్ ఏంజెలెస్ హోటల్లో ఒక విద్యార్థిని మృతి ప్రమాదమేనని, ఆమె మానసిక అనారోగ్యంతో బాధపడుతోందని అధికారికంగా తేలిన ఘటన అది. దాని చుట్టూ దయ్యాలు, కుట్రలు, లిఫ్టు వీడియోలో రహస్య సంకేతాలు అంటూ మూడు ఎపిసోడ్లు ఊరించి, నాలుగోదాంట్లో ఇవేవీ కావని చెబుతుంది. ఇంటర్నెట్ డిటెక్టివులు హంతకుడని ముద్రవేసిన ఓ మెక్సికన్ సంగీతకారుడి గోడు వినిపించిన కొద్ది నిమిషాలు తప్ప దీని జోలికి పోనక్కర్లేదు. గంటన్నరలో అయిపోయే కథను నాలుగు గంటలు సాగదీసే పద్ధతి ఓటీటీలతో బాగా ముదిరింది. అడవి మీద డ్రోన్, మెల్లగా తిరిగే టేపురికార్డరు, గాల్లో నిదానంగా ఎగిరి కిందపడే వస్తువు ఎదురైతే నిడివి పూరిస్తున్నారని గ్రహించొచ్చు.

నిడివి ఎక్కువైనా ఒక్క నిమిషం వృథా కానిది 'ఓజే: మేడ్ ఇన్ అమెరికా' (2016). మాజీ భార్యనూ ఆమె స్నేహితుణ్నీ చంపాడన్న కేసులో నిర్దోషిగా బయటపడ్డ నల్లజాతి అమెరికన్ ఫుట్‌బాల్ తార ఓజే సింప్సన్ కథ. ఎజ్రా ఎడెల్మన్ దర్శకత్వం, 467 నిమిషాలు. ఆస్కార్ గెలిచింది, ఆ వెంటనే ఇలా భాగాలుగా వచ్చే చిత్రాలను పోటీకి అనుమతించకుండా అకాడమీ నిబంధన మార్చేసింది. జంట హత్యల ప్రస్తావన వచ్చేసరికే చాలాసేపు గడిచిపోతుంది. అంతవరకూ లాస్ ఏంజెలెస్ పోలీసులకూ నల్లజాతి ప్రజలకూ మధ్య దశాబ్దాల వైరం చూపిస్తారు. 1995లో తీర్పు వెలువడిన క్షణం ఒకవైపు కేరింతలు, మరోవైపు కన్నీళ్లు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. సాక్ష్యాల లెక్క ఒక్కటే చూపించి ఉంటే ఆ తీర్పు ఎప్పటికీ కొరుకుడు పడదు.

భారతీయ చిత్రాల్లో లీనా యాదవ్ తీసిన 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్: ది బురారీ డెత్స్' (2021) దీని సరసన కూర్చోగలదు. 2018 జులై 1న ఢిల్లీ బురారీలో ఒకే ఇంట్లో పదకొండుమంది చనిపోయి కనిపించారు. గోడలోంచి బయటికొచ్చిన పదకొండు పైపుల చుట్టూ టీవీ ఛానళ్లు తాంత్రిక కథలు అల్లాయి. మూడు ఎపిసోడ్ల ఈ సిరీస్ ఆ పైపుల్ని వదిలి ఇంట్లో దొరికిన డైరీల్ని పట్టుకుంటుంది. పదకొండేళ్లుగా రాసుకున్న ఆదేశాలు అవి. ఎవరు ఎప్పుడు నిద్రలేవాలి, ఎవరు ఏ తప్పు చేశారు లాంటివి కూడా అందులో ఉన్నాయి. హంతకుడు లేని క్రైమ్ డాక్యుమెంటరీ ఇది. నిద్రపట్టకుండా చేసేది ఆ మామూలుతనమే.

బాల్టిమోర్‌లో 1969లో హత్యకు గురైన సిస్టర్ కేథీ కథ 'ది కీపర్స్' (2017) ఏడు ఎపిసోడ్లు. పరిశోధన చేసేది పోలీసులు కాదు, ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు పెద్దవాళ్లయిన విద్యార్థినులు. చర్చి బడిలో జరిగిన అకృత్యాల గురించి బాధితులు తమంత తాముగా మాట్లాడతారు, ఎక్కడా తొందరపెట్టరు. కేసు తేలలేదు, సిరీస్ తేలినట్టు నటించదు. కర్ట్ కెని తీసిన 'డియర్ జాకరీ' (2008) గురించి మాత్రం ఏమీ చదవకుండా చూడాలి. హతుడి చిన్ననాటి స్నేహితుడే దర్శకుడు కాబట్టి నిష్పాక్షికత ఆశించొద్దు, ఉన్నట్టు నటించనూ లేదు. కెనడా బెయిల్ చట్టాన్ని మార్చడంలో ఈ సినిమాకు వాటా ఉంది.

అసలు మొదట చూడాల్సింది వీటన్నిటికంటే పాతది, ఎరల్ మోరిస్ 1988లో తీసిన 'ది థిన్ బ్లూ లైన్'. రెండు గంటలు కూడా ఉండదు. 1976 నవంబరులో డాలస్‌లో ఒక పోలీసు, కారు ఆపి పలకరించబోయి తూటాలకు బలయ్యాడు. పెట్రోలు అయిపోయి రోడ్డుమీద నడుస్తుంటే లిఫ్టు దొరికిన పాపానికి రాండల్ ఆడమ్స్ ఇరుక్కున్నాడు. లిఫ్టు ఇచ్చినవాడు పదహారేళ్ల డేవిడ్ హారిస్, కారు దొంగిలించినది. హారిస్ సాక్షి అయ్యాడు, ఆడమ్స్‌కు మరణశిక్ష పడింది. 1979లో అమలుకు మూడు రోజుల ముందు సుప్రీంకోర్టు స్టేతో ఆగి, తర్వాత యావజ్జీవంగా మారింది. మోరిస్ వెతుక్కుంటూ వెళ్లింది అసలు ఇతడి కోసం కాదు. మరణశిక్షల కేసుల్లో ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పే ఓ మానసిక వైద్యుడి మీద సినిమా తీద్దామని ఖైదీలను కలుస్తుంటే ఆడమ్స్ తగిలాడు.

గాల్లోకి ఎగిరి రోడ్డు మీద చిమ్మే మిల్క్‌షేక్ కప్పు ఈ సినిమాలోదే. హతుడితో ఉన్న మహిళా పోలీసు అప్పుడు కారు దిగి ఉందా, లోపలే కూర్చుందా అన్న ప్రశ్న దానితో ముడిపడి ఉంది. ఆ రాత్రి ఘటనను మోరిస్ నటులతో మళ్లీ మళ్లీ తీశాడు, ప్రతిసారీ ఒక్కో సాక్షి చెప్పిన ప్రకారం. ఒకసారి కారు మోడల్ మారుతుంది, ఒకసారి లోపల కూర్చున్న వాళ్ల సంఖ్య మారుతుంది. ఏ ఒక్కదాన్నీ ఇదీ జరిగిందని చూపించడు. తెర మీద కనబడేవన్నీ ఎవరో ఒకరు చెప్పిన కథలు, చాలావరకు అబద్ధాలు. ఆ తర్వాత వచ్చిన వందల సిరీస్‌లు మిల్క్‌షేక్‌ను అరువు తెచ్చుకున్నాయి గానీ ఈ జాగ్రత్తను తెచ్చుకోలేదు. నటులతో తీసిన దృశ్యాన్నే జరిగినదానిగా చూపించేస్తున్నాయి.

చివరి ఇంటర్వ్యూ రోజున కెమెరా పాడైంది. అందుకే తెర మీద హారిస్ మొహం ఉండదు, చిన్న టేపురికార్డరు ఒక్కటే తిరుగుతుంటుంది. ఆడమ్స్ నిర్దోషి అని అంత కచ్చితంగా ఎలా చెప్పగలవని మోరిస్ అడుగుతాడు. ఎందుకంటే తెలిసినవాణ్ని నేనే కాబట్టి, అంటుంది ఆ గొంతు. నేరం చేశానని అనదు. ఆ తప్పించుకునే మాట మీద కత్తెర పడకపోవడం వల్లే అది కూడా మనకు వినబడుతుంది. సినిమా వచ్చిన మరుసటి ఏడాది ఆడమ్స్ విడుదలయ్యాడు. హారిస్‌కు వేరే హత్య కేసులో 2004లో మరణశిక్ష అమలైంది.

బయటికొచ్చిన ఆడమ్స్ తొలి రోజుల్లోనే ఒక దావా వేశాడు. ప్రతివాది మోరిస్. సినిమా కోసం సంతకం పెట్టిన కాగితంతో తన జీవితకథ మీద హక్కు తనకు లేకుండా పోయిందన్నది ఫిర్యాదు. కోర్టు బయటే రాజీ కుదిరి, ఆ హక్కు ఆడమ్స్‌కు తిరిగొచ్చింది.